మంచులో రక్తం ఏదీ?

ప్ర: కొరియా యుద్ధం ఫొటోలు చూశానండీ. దెబ్బలు తగిలినవాళ్లు మంచుకొండల్లో నడిచి వస్తుంటారు గానీ రక్తం చుక్క కనపడదు. సెన్సార్ చేశారా, తర్వాత పోజులు పెట్టించి తీశారా?
– ఒక పాఠకుడు, తణుకు

జ: పోజులు కాదు బాబూ. మీరు చూసినవి బహుశా డేవిడ్ డగ్లస్ డంకన్ లైఫ్ పత్రికకి తీసినవి అయ్యుంటాయి, 1950 డిసెంబర్, ఉత్తర కొరియాలో చోసిన్ రిజర్వాయర్ దగ్గర చైనా సేనలు చుట్టుముడితే అమెరికన్ మెరైన్లు ఒకే ఒక్క కొండదారి పట్టుకుని సముద్రం వైపు దిగొచ్చారు, అప్పటివి. రాత్రిళ్లు మైనస్ 30 కిందకి పడిపోయేది. ఆ చలికి గాయం మీద రక్తం అక్కడికక్కడే గడ్డకట్టేసేది, అలా కొందరు బతికిపోయారు కూడా, కాకపోతే వెచ్చటి టెంట్‌లోకి తెచ్చాక మళ్లీ కారడం మొదలు. ఎక్కించాల్సిన ప్లాస్మా (రక్తంలోని ద్రవం) సీసాలోనే గడ్డ, నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ట్యూబులు కరగాలని వైద్య సిబ్బంది వాటిని నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్లట. పైగా ఒంటి మీద పొరలు పొరలుగా బట్టలు, ఫొటో ఏమో బ్లాక్ అండ్ వైట్, ఇంక ఎరుపు ఎక్కడ కనపడుద్ది చెప్పండి. సెన్సార్ అంటారా, ఆ నెలాఖర్లో గట్టిగానే పెట్టారు, కానీ దీనికి కారణం అది కాదు.

నడిపించడం ఎందుకంటే ట్రక్కుల్లో చోటు లేక, దానికితోడు కదలకుండా కూర్చుంటే కాళ్లు గడ్డకట్టి పోయేవి. అసలు లేవలేనివాళ్లని, చలికి కాళ్లూచేతులూ పోయినవాళ్లని హగారు-రీ అనే ఊళ్లో రాయిలా బిగుసుకున్న నేలని చదును చేసి, రన్‌వే వేసి, 4,000 మందికి పైగా విమానాల్లో తరలించారు.

నా మటుకు నాకు గుర్తుండిపోయింది ఇంకోటి. ఒక కుర్రాడు డబ్బాలో గడ్డకట్టిన బీన్స్‌ని చెంచాతో పెకలించుకుంటున్నాడు. నేనే దేవుణ్ణయితే క్రిస్మస్‌కి ఏం కావాలంటావ్ అని డంకన్ అడిగాడట. వాడు కాసేపాగి, రేపటి రోజు ఇవ్వండి చాలు అన్నాడట. ఆ మొహం మీద ఒక్క గీత కూడా పడలేదు, కళ్లు మాత్రం చూడలేం.

ప్ర: ఆ యుద్ధంలో మనవాళ్లెవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: ఉన్నారమ్మా, కానీ పోరాడ్డానికి కాదు, వైద్యానికి. మన ఆర్మీ 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ గారి కింద వెళ్లింది, ఆయనకి తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. వీళ్లున్నది చోసిన్‌లో కాదు, ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్‌యాంగ్ వైపు. అదే డిసెంబర్‌లో ఊరు ఖాళీ చేస్తుంటే మందులూ సామాన్లూ వదిలేసి పోవడానికి మనసొప్పక, ఒక రైలింజన్ని ఎలాగో సంపాదించి, మన జవాన్లే నడుపుకుంటూ దక్షిణానికి తెచ్చేసుకున్నారు.