ఒళ్ళో కూర్చున్న ఆర్చిబిషప్పు

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి ఒకసారి చదివాను, పొద్దున టీ పెట్టుకుని మళ్ళీ చదివాను, టీ చల్లారిపోయింది గానీ నా కోపం చల్లారలేదు. భాష బాగుంది, ఆ మాట ఇక్కడితో ఆపేస్తా. "ప్రైమేట్ అంటే కోతి అని అందరికీ తెలుసు, ఇంగ్లాండ్ చర్చిలో పెద్ద బిషప్పుని కూడా అలాగే పిలుస్తారంటే వెటకారం కాక ఏంటి" అని మొదలెట్టావు చూడు, అక్కడే ఒళ్ళు మండింది. ఎవరు ముందో ఎవరు వెనకో చూసుకోవద్దా?

చర్చిలో ఆ మాట వందల ఏళ్ళ పాతది. లాటిన్‌లో ప్రీముస్ అంటే మొదటివాడు, అందులోంచి వచ్చిందే ఇది, మన ప్రథమ కూడా దానికి దూరపు చుట్టమే. జంతువులకి ఆ పేరు పెట్టింది లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, 1758లో. ఆయన పాస్టర్ కొడుకు. ఆయనేం కోతి ఒక్కదాన్నే మొదటిది అనలేదయ్యా, మనిషినీ కోతినీ లీమర్‌నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అది ఫస్ట్ బెంచీ అన్నాడు. పక్కనే గబ్బిలాన్ని కూడా! నీ వ్యాసంలో గబ్బిలం ఏది?

జోకు నువ్వెయ్యకు, తవ్వు, అడుగున నీ జోకుని మించింది ఉంటుంది, ఇది నేను ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నానో. 1176లో లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో చర్చి పెద్దల సభ, పోప్ దూత వచ్చాడు, ఆయన కుడిపక్క చోటు ఎవరిది? ఇంగ్లాండ్‌లో ఆర్చిబిషప్పులు ఇద్దరు, కాంటర్‌బరీకి ఒకరు, యార్క్‌కి ఒకరు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రిచర్డ్ ముందే వచ్చి కూర్చున్నాడు. యార్క్ ఆర్చిబిషప్ రోజర్ వచ్చి చూసి, వెనక్కి తగ్గకుండా సరాసరి వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చున్నాడు! కాంటర్‌బరీ మనుషులు కిందకి లాగి చితక్కొట్టారు. ఎవరు మొదటివాడు అనే గొడవ 14వ శతాబ్దం దాకా సాగితే పోప్ తేల్చింది ఏంటంటే, యార్క్ ఆయన ఇంగ్లాండ్ ప్రైమేట్, కాంటర్‌బరీ ఆయన యావత్ ఇంగ్లాండ్ ప్రైమేట్. ఇప్పటికీ అవే బిరుదులు. ఆ 'యావత్' ఒక్కటి పట్టుకుని రాసుంటే చాలేది.

కార్డినల్ అనే ఎర్ర పిట్ట పేరా తీసెయ్. మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్ద, అయ్యారు కాబట్టి ఇరికించావని తెలుస్తూనే ఉంది. పిట్టకి ఆ పేరు కార్డినల్స్ వేసుకునే ఎర్ర బట్టల వల్ల వచ్చింది, అంతే, అక్కడెవరూ కొట్టుకోలేదు.

నేను పత్రిక డెస్క్‌లో ట్రైనీగా ఉన్నప్పుడు ప్రైమేట్‌కి ఒక లైను వివరణ రాస్తే "పాఠకుడికి అంత అక్కర్లేదు" అని కొట్టేశారు. ఆ మాట వినీ వినీ ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. తర్వాత ఇదే గొడవ మీద ఒక పత్రికకి వ్యాసం ఇస్తే, పాఠకుడికి తేలిగ్గా ఉండాలని ఎవరో మహానుభావుడు ప్రైమేట్ అని కనపడ్డ ప్రతిచోటా వానరం అని మార్చేశాడు. 'కాంటర్‌బరీ ఆర్చిబిషప్, యావత్ ఇంగ్లాండ్ వానరం' అని అచ్చయింది, కింద నా పేరు.

పారితోషికం ఎంత ఇస్తారని అడిగావు కదా. దానికి రావాల్సిన నూట యాభై నాకింకా రాలేదు.