అంగారకుడిపై తిరిగే రోవర్లకు చైన్లు కాకుండా చక్రాలే ఎందుకు అమరుస్తారు?

ఒక చక్రం చెడిపోయినా మిగిలినవాటితో బండి నడుస్తుంది గానీ, చైన్ తెగితే ఆ వైపు మొత్తం నిలిచిపోతుంది కనుకనే రోవర్లకు చక్రాలను ఎంచుకుంటారు.

చిత్తూరు జిల్లాలో తడి ఆరని వరిమళ్లలో కోతకు టైరు మిషన్ కాక చైన్ మిషన్‌నే పిలుస్తారు. దాని బరువు ఎక్కువ నేల మీద పరుచుకోవడం వల్ల అది దిగబడదు. ఆ లాభం నిజమే. అయితే చైనుకు లింకులు, పిన్నులు, రోలర్లు అనేకం ఉంటాయి. వాటి రాపిడికే చాలా శక్తి ఖర్చవుతుంది, సందుల్లో రాయి ఇరుక్కుంటే చైన్ జారిపోవచ్చు. మడిలో అయితే మెకానిక్ వచ్చి ఎక్కిస్తాడు, అంగారకుడి మీద ఆ వీలు లేదు.

2006లో అంగారకుడిపై తిరుగుతున్న నాసా వారి స్పిరిట్ రోవర్ ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. అయినా అది మిగిలిన ఐదు చక్రాలతో, ఎక్కువగా వెనక్కి నడుస్తూ, చెడిన చక్రాన్ని ఈడ్చుకుంటూ సాగింది. 2007లో ఆ చక్రం గీసిన చాలులోనే సిలికా మెండుగా ఉన్న తెల్లటి మట్టి బయటపడింది. అక్కడ ఒకప్పుడు వేడినీరో ఆవిరో ఉండేదనడానికి అది బలమైన ఆధారం.

ఆ రోవరే 2009లో మెత్తని ఇసుకలో కూరుకుపోయింది కాబట్టి చక్రాల ఎంపికే పొరపాటని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అంగారకుడిపై బరువు భూమి మీది బరువులో సుమారు 38 శాతమే కావడం వల్ల, వెడల్పైన ఆరు లోహపు చక్రాలు నేలను పెద్దగా నొక్కవు. పైగా చక్రాలను పైకీ కిందికీ కదిలే చేతులకు బిగించే రాకర్-బోగీ అమరిక వల్ల ఎగుడుదిగుడు రాళ్ల మీద కూడా ఆరు చక్రాలూ నేలను తాకుతూనే ఉంటాయి. 2023లో చంద్రుడిపై నడిచిన మన ప్రజ్ఞాన్‌కూ ఆరు చక్రాలే అమర్చారు.