ఇంజిన్ ఆగింది, పైపులో ప్రెషర్ ఆగలేదు

ప్రశ్న: మేస్త్రిగారూ, మాది పదకొండేళ్ల పెట్రోలు కారు. ఫ్యూయల్ ఫిల్టర్ బండి అడుగున, ట్యాంకు పక్కనే బయటికి కనిపిస్తోంది. రెండు క్లిప్పులు, ఒక బోల్టు, అంతే. నేనే మార్చుకుందామని కొత్తది తెచ్చాను. పుస్తకంలో 'ముందుగా ఫ్యూయల్ ప్రెషర్ తగ్గించాలి' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఎలాగో చెప్పలేదు. మా బావమరిదేమో "ట్యాంకు మూత తీస్తే ప్రెషర్ అదే దిగిపోతుంది, దానికింత టెన్షన్ ఎందుకు బావా" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. మూత తీస్తే ట్యాంకులో పేరుకున్న ఆవిరి బుస్సుమని పోతుంది. అదీ చేయాల్సిన పనే. కానీ మీరు విప్పబోయే పైపులో ఉన్న ప్రెషర్ వేరు. ట్యాంకులో మునిగి ఉండే పంపులో ఒకవైపే తెరుచుకునే చిన్న వాల్వు ఉంటుంది. పంపు ఆగగానే అది మూసుకుని, లైన్లోకి ఎక్కిన పెట్రోలును వెనక్కి రానివ్వదు. పొద్దున్నే తాళం తిప్పగానే బండి అందుకునేది దాని పుణ్యానే. మీలాంటి ఇంజెక్షన్ బండ్ల లైన్లో మామూలుగా 3 నుంచి 4 బార్ ప్రెషర్ ఉంటుంది. కారు టైర్లో గాలి 2 బార్ పైచిలుకు. టైరు కంటే గట్టిగా బిగబట్టిన పెట్రోలు మీ మొహానికి జానెడు దూరంలో ఉంటుందన్నమాట. ఇంజిన్ ఆపి గంటలు గడిచినా సరే.

పని నేర్చుకునే రోజుల్లో, 'ఆపి గంటన్నర అయింది కదా' అనుకుని ఒక బండి కిందికి దూరి క్లిప్పు నొక్కాను. సర్రుమని చిమ్మి చొక్కా చేతిలోంచి చంక దాకా తడిసింది. ముందు చల్లగా తగిలి, ఆ తర్వాత ఒళ్లు మండింది. ఆ మంట సంగతి అలా ఉంచండి. తల పక్కన వైరుకు వేలాడుతున్న గాజు బల్బు మీద నాలుగు చుక్కలు పడి చిటచిటలాడాయి. బల్బు పగల్లేదు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి బండి కిందికి వైరు లైటు తీసుకెళ్లను, సెల్‌తో నడిచే ఎల్‌ఈడీ టార్చే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. అందుకే గోతిలో దిగి గానీ, తలుపులు మూసిన షెడ్డులో గానీ ఈ పని వద్దు. బండి ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లారాక. పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. బకెట్లో నీళ్లు దానికి బదులు కాదు, పెట్రోలు నీటి మీద తేలి మంటను ఇంకా పరుస్తుంది.

ఇక అసలు పని. లైన్లో ఉన్న పెట్రోలును ఇంజిన్ చేతే తాగించేయాలి. ముందు ట్యాంకు మూత వదులు చేయండి. ఫ్యూజుల డబ్బా మూత లోపలి వైపు బొమ్మ ఉంటుంది. అందులో ఫ్యూయల్ పంపు ఫ్యూజు గానీ, రిలే (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బీ) గానీ ఏదో చూసి పీకేయండి. ఇప్పుడు బండి స్టార్ట్ చేయండి. పంపు లేకపోయినా లైన్లో మిగిలినదానితో కాసేపు నడుస్తుంది. తర్వాత మిస్సింగ్ మొదలై, కుదుపులతో గిలగిలలాడి ఆగిపోతుంది. ఆగాక మరో రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఐదు సెకన్లకు మించకుండా, సెల్ఫ్ కొట్టండి.

ఇక్కడ ఇంజిన్ ఎలా ఆగిందో చెవి పెట్టి వినాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. గిలగిలలాడి ఆగితే ప్రెషర్ దిగినట్టు. అలాకాకుండా అసలు స్టార్టే కాకపోతే అనుమానించండి. కొన్ని బండ్లలో ఆ ఒక్క ఫ్యూజు మీదే ఇంజెక్టర్లు, అంటే ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ముక్కులు, కూడా ఉంటాయి. అది పీకితే ఇంజెక్టర్లు తెరుచుకోవు, లైన్లో పెట్రోలు ఎక్కడిదక్కడే బిగబట్టి ఉంటుంది. మీరేమో పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు ఫ్యూజు తిరిగి పెట్టి, పంపుకు వెళ్లే కనెక్టర్ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టండి. గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే స్విచ్చి పెట్రోలు మీదే ఉందో లేదో చూసుకోండి. గ్యాస్ మీద ఇంజిన్ ఎంతసేపు తిరిగినా పెట్రోలు లైన్లో చుక్క కదలదు.

తర్వాత తాళం తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. బద్ధకించొద్దు. కొన్ని బండ్లలో డ్రైవర్ తలుపు తెరిస్తే చాలు, పంపు రెండు సెకన్లు తిరిగి లైన్ నింపేస్తుంది. మీరు కింద ఉండగా పిల్లలెవరో తలుపు తీశారనుకోండి, ఫ్యూజు పెట్టేసి ఉంటే కథ మొదటికొస్తుంది.

ఇంత చేసినా పైపులో, ఫిల్టర్లో పెట్రోలు ఉంటుంది. దిగింది ప్రెషరే. కళ్లజోడు, నైట్రైల్ చేతి తొడుగులు వేసుకుని, కింద పళ్లెం పెట్టండి. జాయింటు చుట్టూ దళసరి నూలు గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీంచే క్లిప్పు మెల్లగా నొక్కండి. గుడ్డ తడిస్తే తడవనివ్వండి. క్లిప్పు రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. ముందు అటూ ఇటూ తిప్పి మట్టి వదిలించండి, అదే వస్తుంది. పాత క్లిప్పు విరిగితే కొత్తది వేయాల్సిందే, తీగ చుట్టి సరిపెట్టే చోటు కాదిది. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. పైపు ఎక్కించాక టక్కుమన్న చప్పుడు విని, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

అన్నీ తిరిగి బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. తాళం ఆన్‌లోకి తిప్పి మూడు సెకన్లు ఉంచి ఆపండి. ఇలా మూడు నాలుగు సార్లు. లైన్ నిండుతుంది. అప్పుడు కిందికి వంగి పొడి గుడ్డతో జాయింట్లు తుడిచి చూడండి. చెమ్మ లేకపోతే స్టార్ట్ చేసి, ఇంజిన్ నడుస్తుండగా ఇంకోసారి చూడండి. తడిసిన గుడ్డలు మడత పెట్టి చెత్తబుట్టలో వేయకుండా, నిప్పుకు దూరంగా ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

ప్రశ్న: ఇలాగే పంపు ఫ్యూజు తీసి ఫిల్టర్ మార్చాను. ఇప్పుడు ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఏమైనా పాడు చేశానా?

జవాబు: చాలావరకు ఏమీ కాలేదు. పంపు లేకుండా ఇంజిన్ నడిచినప్పుడు కంప్యూటర్ 'పెట్రోలు చాలడం లేదు' అని రాసిపెట్టుకుంది. నాలుగు రోజులు తిప్పితే తనే ఆరిపోవచ్చు, స్కానర్‌తో అయినా తీసేయొచ్చు. లైటు మిణుకుమిణుకుమంటున్నా, పికప్ తగ్గినా మాత్రం తిప్పకుండా చూపించండి. ముందు మీరు ఫ్యూజు సరైన గుంటలోనే పెట్టారా?

ప్రశ్న: నాది కామన్ రైల్ డీజిల్. ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: వద్దు. మీ ఫిల్టర్ తక్కువ ప్రెషర్ వైపు ఉంటుంది, దాని పద్ధతి మీ బండి పుస్తకంలో చూసి అలాగే చేయండి. హైప్రెషర్ పంపు నుంచి రైల్‌కీ (అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే లావుపాటి గొట్టం), రైల్ నుంచి ఇంజెక్టర్లకీ వెళ్లే ఇనప పైపుల జోలికి మాత్రం వెళ్లకండి. ఇంజిన్ నడుస్తుంటే వాటిలో 1,600 బార్, కొన్నింట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. సూది మొనంత కంత నుంచి వచ్చే ధార చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. అయినా అదే గంటలో ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆలస్యమైతే వేలు పోతుంది. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూసే అలవాటుంటే ఇవాళే మానేయండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఫిల్టర్ మార్చాక లైన్లో గాలి పడుతుంది. మీ బండికి చేతి పంపు బుడ్డి ఉంటే, అది గట్టిపడేదాకా నొక్కి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి.