40 యూనిట్లకు 479 రూపాయలు: కరెంటు బిల్లు పెరిగితే ఎక్కడ నుంచి వెతకాలి

మీ ప్రశ్నలోని వివరాలు ఇవి. హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటు. మార్చి బిల్లులో 190 యూనిట్లు, ఏప్రిల్‌లో 230. రాత్రి పడుకునే ముందు రెండు గంటలు ఏసీ వేయడం తప్ప వాడకంలో మార్పేమీ లేదు. అయినా బిల్లు మొత్తం సగానికి పైగా పెరిగింది. మీటరు వేగంగా తిరుగుతోందేమోనని, ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ కొంటే తగ్గుతుందేమోనని అడిగారు. ఇలాంటి చిక్కునే మా ఇంట్లోనూ కొంతకాలం పడ్డాం కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందుగా రూపాయలను పక్కన పెట్టి యూనిట్లను చూడాలి. తెలంగాణలో గృహ వినియోగానికి 2022-23 టారిఫ్ ఉత్తర్వులతో వచ్చిన ధరల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, తరువాతి వాటికి 4.80 చొప్పున పడుతుంది. 200 దాటిన నెలలో ఈ లెక్క మొత్తం పక్కకు పోయి, మొదటి యూనిట్ నుంచి 200 వరకు 5.10, ఆపై 300 వరకు 7.70 చొప్పున కడతారు. అంటే పెరిగిన యూనిట్లకే కాక అంతకు ముందు చవకగా వచ్చిన యూనిట్లకు కూడా ధర పెరుగుతుంది. 200 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు ఛార్జీ 820 రూపాయలైతే, 201 కాల్చిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయల పైమాటే.

మీ అంకెలను ఇందులో పెట్టి చూడండి. 190 యూనిట్లకు 772 రూపాయలు, 230 యూనిట్లకు 1,251 రూపాయలు. తేడా 479. నలభై యూనిట్ల మీద పంచితే ఒక్కొక్కటి దాదాపు 12 రూపాయలు పడినట్టు. నెలకు 800 యూనిట్లు దాటిన వారి చివరి స్లాబు (వాడకం అంచె) ధర కూడా పది రూపాయలే. దీనికి తోడు ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం ఉంటాయి గానీ, మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన పెరుగుదలలో వాటి వాటా స్వల్పం. 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉచితంగా కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకునే ఇళ్లకు ఈ మెట్టు ఇంకా నిటారుగా ఉంటుంది, ఎందుకంటే 200 దాటిన నెలలో వారు పైన మిగిలిన యూనిట్లకు కాక మొత్తం వాడకానికి బిల్లు కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2022 నుంచి ఈ రకమైన మెట్టు లేదు. అక్కడ ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు 1.90కే వస్తాయి, పై స్లాబు ధర పై యూనిట్లకే వర్తిస్తుంది. ఇవే 190, 230 యూనిట్లకు అక్కడి తేడా సుమారు 254 రూపాయలు. అక్కడి బిల్లుల్లో ఇంధన సర్దుబాటు ఛార్జీలు విడిగా చేరుతుంటాయి కాబట్టి అక్కడి వారు హాయిగా ఉన్నారని నేను అనడం లేదు.

బిల్లులోనే చూడవలసినది మరొకటి ఉంది. గత రీడింగు తేదీ, ఈ నెల రీడింగు తేదీ రెండూ చూసి, మధ్య రోజుల సంఖ్యతో యూనిట్లను భాగించండి. 27 రోజుల బిల్లును 34 రోజుల బిల్లుతో పోల్చి వాడకం పెరిగిందనుకునే వారు చాలామంది ఉంటారు. పక్క ఫ్లాటు వారి బిల్లుతో పోల్చుకునే ముందు కూడా రోజువారీ సగటునే పోల్చాలి. ఇల్లు తాళం వేసి ఉన్నప్పుడు సగటు మీద వేసిన బిల్లు అయితే, తరువాతి నెలలో సర్దుబాటు జరిగిందో లేదో కూడా చూడండి.

ఇక ఏసీ. ఏసీ మీద అతికించిన స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినది. ఆ అంకెను 1,600తో భాగిస్తే గంటకు సగటున ఎంత లాగుతుందో తెలుస్తుంది. ఉదాహరణకు 960 అని ఉంటే గంటకు 0.6 యూనిట్. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు. మన ఏప్రిల్, మే నెలల వేడిలో, అందులోనూ గది ఇంకా చల్లబడని మొదటి గంటలో, అంతకన్నా ఎక్కువే లాగుతుంది. మీకు పెరిగిన 40 యూనిట్లకు లెక్క దాదాపుగా ఇక్కడే కుదిరిపోతోంది కాబట్టి మీటరును అనుమానించవలసిన అవసరం కనిపించడం లేదు. అయినా మీ మనసులో అనుమానం ఉంది కనుక దానిని ఊహలతో కాక పరీక్షతోనే తీర్చుకోవడం మంచిది.

ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర దీపం ఒకటి ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే ముద్రించి ఉంటుంది; చాలా మీటర్ల మీద 3200 అని, కొన్నింటి మీద 1600 అని కనిపిస్తుంది. 3200 ఉన్న మీటరైతే, రెండు మెరుపుల మధ్య సెకన్లతో 1,125ను భాగించండి, ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 1600 ఉంటే 2,250ను భాగించాలి. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యాను వేసి చూస్తే, పాత ఫ్యానుకు సుమారు పదిహేను సెకన్లకు ఒకసారి మెరుస్తుంది. ఒక్కో వస్తువునే ఇలా చూసుకుంటూ పోతే ఎవరు దొంగో ఒక ఆదివారం ఉదయంలో తేలిపోతుంది, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మాత్రం ఏమీ వేయకుండా చేసేది. ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై, సెట్‌టాప్ బాక్స్ సహా అన్నీ తీసేసిన తరువాత కూడా దీపం మెరుస్తోందంటే, మీరు వాడని కరెంటు ఏదో మీ మీటరులో నమోదవుతోందని అర్థం.

మా ఇంట్లో జరిగినది సరిగ్గా అదే. మా వాడకం మారలేదు, వేసవి కూడా కాదు, కానీ నెలనెలా యూనిట్లు ఎక్కువగా వస్తున్నాయి. ఫ్రిజ్ పాతది కాబట్టి దాన్ని మార్చమని తెలిసినవారందరూ సలహా ఇచ్చారు. మార్చే ముందు పై పరీక్ష చేశాం. డీబీలోని (ఇంటి లోపలి స్విచ్చుల పెట్టెలోని) ఎంసీబీలన్నీ, అంటే ఒక్కో లైనును ఆపే చిన్న స్విచ్చులన్నీ, కిందికి దించినా మీటరు మీద దీపం నిదానంగా మెరుస్తూనే ఉంది, పక్కనే ‘ఎర్త్’ అన్న మరో దీపం ఆరకుండా వెలుగుతోంది. ఆ తరువాత ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) రెండింటినీ ఒకేసారి తెంపే మెయిన్ స్విచ్ ఆపితే, మా అంతస్తు మెట్ల దీపాలు, సీసీ కెమెరాలు ఆగిపోయాయి. విషయం అక్కడ బయటపడింది. అపార్ట్‌మెంటులో కెమెరాల కోసం కొత్త వైరింగు చేసినప్పుడు, ఫేజును ఉమ్మడి మీటరు నుంచే తీసుకున్నారు గానీ, న్యూట్రల్‌ను మాత్రం దగ్గరలో ఉందని మా డీబీలోని న్యూట్రల్‌కు కలిపేశారు.

మన ఫేజు నుంచి ఒక్క యూనిట్ కూడా పోనప్పుడు మన మీటరు ఎందుకు తిరగాలని నాకూ సందేహం వచ్చింది. కారణం ఏమిటంటే, కరెంటు దొంగతనాన్ని అడ్డుకోవడానికి ఇప్పటి సింగిల్ ఫేజు మీటర్లు ఫేజు తీగలోని కరెంటును, న్యూట్రల్ తీగలోని కరెంటును విడివిడిగా కొలిచి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానినే లెక్కలోకి తీసుకుంటాయి. మెట్ల దీపాల కరెంటు ఉమ్మడి మీటరు ఫేజులో వెళ్లి మా న్యూట్రల్ గుండా తిరిగి వస్తోంది. ఉమ్మడి మీటరు దానిని ఒకసారి లెక్కించింది, మా మీటరు రెండోసారి లెక్కించింది. నూరు వాట్ల లోడు రాత్రింబగళ్లు సాగితే నెలకు 72 యూనిట్లు అవుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, తీగను తెంపకుండానే అందులోని కరెంటును కొలిచే టాంగ్ టెస్టర్‌తో ఫేజు, న్యూట్రల్ తీగలను విడివిడిగా పట్టి చూసి తేడాను నిర్ధారించి, ఆ న్యూట్రల్‌ను ఉమ్మడి బోర్డుకు మార్చాడు. ఆ రెండు తీగల కరెంటులో తేడా ఉంటే వెలిగే ఎర్త్ దీపం ఆ క్షణమే ఆరిపోయింది. పాత ఫ్రిజ్ ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది.

ఇన్వర్టర్ పెట్టించిన తరువాతో, రెండు ఫ్లాట్లను కలిపి మార్పులు చేయించిన తరువాతో బిల్లు పెరిగిందంటే మొదట అనుమానించవలసినది ఇలాంటి న్యూట్రల్ కలయికనే. గీజర్ కాయిల్ పాడై నీటిలోకి కరెంటు లీకవుతున్నా ఎర్త్ దీపం వెలగవచ్చు, అది బిల్లు కన్నా ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి ఆ గీజర్‌ను వెంటనే ఆపేయాలి. దీపాలను లెక్కపెట్టడం వరకు మీరు చేయండి, డీబీ మూత తీసే పని మాత్రం తెలిసినవారికే వదిలేయండి.

పరీక్షలో ఏ లోపమూ బయటపడలేదనుకుందాం. అప్పుడు మీ పని 230ని 200 లోపుకు దించడం. ఇక్కడే పైన చెప్పిన పన్నెండు రూపాయల లెక్క పనికొస్తుంది. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లకు దగ్గరగా అవుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది, దాని నెల వాడకం 13 లేదా 14 యూనిట్లు. ఎక్కువ సేపు తిరిగే రెండు ఫ్యాన్లను మారిస్తే 40 యూనిట్లు తగ్గి మీరు మళ్లీ 190కి వస్తారు, అలాంటి నెలలో మిగిలేది 479 రూపాయలు. మామూలుగానే 200 లోపు ఉండే చలికాలపు నెలల్లో ఆదా యూనిట్‌కు 4.80 చొప్పునే ఉంటుంది. పడకగది, హాలు ఫ్యాన్లను మార్చండి, అతిథులు వచ్చినప్పుడు మాత్రమే తిరిగే ఫ్యానును మార్చడం దండగ. పాత పెట్టె లాంటి రెగ్యులేటరుతో ఫ్యాను వేగం తగ్గించినా ఆదా పెద్దగా ఉండదు, మిగిలిన కరెంటు ఆ పెట్టెలోనే వేడిగా మారిపోతుంది.

ఏసీని 24 డిగ్రీల కన్నా కిందికి దించకుండా ఫ్యానుతో కలిపి వాడండి. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు ఆరు శాతం తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది, 2020 నుంచి వచ్చిన స్టార్ లేబుల్ ఏసీలు వేయగానే 24 దగ్గరే మొదలవడానికి కారణమూ అదే. గీజర్ విషయం శీతాకాలంలో చూసుకోవచ్చు. అయినా ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి ఒక యూనిట్ ఖర్చవుతుంది, అదే ఒక బకెట్ నీటిని 40 డిగ్రీలకు తేవడానికి మూడో వంతు చాలు. మొబైల్ ఛార్జర్‌ను ప్లగ్గులో నుంచి తీసేయమనే సలహా అందరూ ఇస్తారు, తీసేయండి, తప్పులేదు, కానీ నెలంతా ఉత్తగా ఉంచినా అది ఒక యూనిట్‌లో ఏ కొంత భాగమో కాల్చుతుంది, అంతే.

పవర్ సేవర్ కొనవద్దు. ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక దీపం. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటాను) సరిచేస్తుందన్నది నిజమే, కానీ గృహ మీటరు బిల్లు వేసేది వాస్తవంగా ఖర్చయిన కిలోవాట్ గంటల మీద, పవర్ ఫ్యాక్టర్ మీద కాదు. కాబట్టి అది తగ్గించేది ఏమీ లేదు, పైగా దాని దీపం వెలగడానికయ్యే కరెంటు కూడా మీ లెక్కలోనే పడుతుంది.

ఇవన్నీ చూసిన తరువాత కూడా మీటరు మీదే అనుమానం మిగిలితే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, లేదా మీ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, రీడింగు వాస్తవ వాడకానికి సరిపోవడం లేదని ఫిర్యాదు చేస్తే పంపిణీ సంస్థ ఐదు రోజుల లోపు అదనంగా మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలల పాటు రెండింటి వాడకాన్నీ పోల్చాలి. ఫిర్యాదులో ఆ నియమాన్ని పేర్కొనండి, మీ దీపం పరీక్ష ఫలితాన్ని కూడా జత చేయండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

చివరగా, వచ్చే బిల్లులో ‘ఏసీడీ’ అని ఒక మొత్తం కనబడితే దానిని వాడకం ఛార్జీతో కలిపి కంగారు పడవద్దు. గత ఏడాది సగటు బిల్లుకు తగ్గట్టు డిపాజిట్ చాలనప్పుడు అడిగే అదనపు డిపాజిట్ అది. దాని మీద ఏటా వడ్డీ మీ బిల్లులోనే జమ కావాలి, జమ అయిందో లేదో చూసుకోండి.