బురదలో దిగబడే బండికి వించ్: ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మాది ములుగు జిల్లా మంగపేట ప్రాంతం. నాకు ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరో క్యాంపర్ ఉంది. వానకాలంలో గోదావరి ఒడ్డు చేలకు ఎరువులు, పైపులు, మోటార్లు చేరవేస్తాను. మిర్చి కాలంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుతాను. పోయిన వానకాలంలో ఎనిమిది సార్లు బండి దిగబడితే ట్రాక్టరుతో లాగించాను. ఒక్కోసారికి రూ.1,200 అయింది, రెండు రోజుల కిరాయి కూడా పోయింది. హనుమకొండలో ఒక దుకాణం వారు ఎలక్ట్రిక్ వించ్‌ను (మోటారుతో డ్రమ్ము తిప్పి, దానికి తాడులాంటి ఉక్కు వైరును చుడుతూ బండిని లాగే యంత్రం) బిగింపుతో కలిపి రూ.60,000కు, 15 శాతం వడ్డీతో 24 కిస్తీల్లో ఇస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో అలాంటిదే రూ.20,000కు కనిపిస్తోంది. బ్యాంకులో రూ.90,000 ఉన్నాయి. ఇంటి ఖర్చు, బండి కిస్తీ కలిపి నెలకు రూ.33,000 అవుతున్నాయి. లక్ష రూపాయల చిట్టీ ఎత్తుదామా అని కూడా ఆలోచిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఏడాది ఎలక్ట్రిక్ వించ్ కొనవద్దనే నా సలహా. కొనే రోజు వస్తే ఎలాంటిది చూసుకోవాలో కూడా చెబుతాను గానీ, అంతకుముందు బండి దిగబడటం వల్ల మీకు ఏటా పోతున్నదెంతో, దాన్ని ఆపడానికి మీరు పెట్టబోయేదెంతో పక్కపక్కన రాసుకుని చూడటం అవసరం.

ట్రాక్టరుకు ఎనిమిది సార్లకు రూ.9,600 ఇచ్చారు. పోయిన రెండు రోజుల కిరాయిని రోజుకు రూ.2,500 చొప్పున వేసుకుంటే మరో రూ.5,000. మొత్తం రూ.14,600. ఇక రెండో వైపు, దుకాణం వారు చెప్పిన రూ.60,000తో పని పూర్తి కాదు. చెట్టుకు చుట్టే వెడల్పాటి బెల్టు, డీ షాకిళ్లు అనే ఇనుప లంకెలు, స్నాచ్ బ్లాక్ అనే కప్పీ, మందపాటి చేతి తొడుగులు విడిగా కొనాలి. బ్యాటరీ పాతదైతే దాన్నీ మార్చాలి. వీటికి రూ.15,000 పక్కన పెట్టుకుంటే మొత్తం రూ.75,000 అవుతుంది. వించ్ ఏడేళ్లు పనిచేస్తుందనుకున్నా ఏడాదికి దాదాపు రూ.10,700, నిర్వహణకు మరో రూ.2,000 పడుతుంది. అంటే ఏటా రూ.12,700 పెట్టి రూ.14,600 మిగుల్చుకుంటున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది.

అయితే ఆ మిగులు చేతికి రాదు. వించ్ లాగాలంటే ఎదురుగా కదలని ఆధారం ఒకటి ఉండాలి. చెట్లున్న డొంక దారిలో అది దొరుకుతుంది గానీ, కనుచూపు మేర మిర్చి చేనే ఉన్న గోదావరి ఒండ్రు నేలలో వైరును దేనికి తగిలిస్తారు? స్టెప్నీ టైరును లోతైన గోతిలో నిలువుగా పాతి, దానికి బెల్టు చుట్టి లాగే పద్ధతి ఉంది. వాన కురుస్తుండగా ఒక్క మనిషి ఆ గోయి తవ్వడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎనిమిదింటిలో నాలుగు సార్లయినా మళ్లీ ట్రాక్టరునే పిలవాల్సి వస్తే, మీకు మిగిలేది ఏడాదికి రూ.7,300 మాత్రమే, అయ్యే ఖర్చు మాత్రం అదే రూ.12,700.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఇంకా ముఖ్యమైన విషయం. రూ.60,000కు 15 శాతం వడ్డీతో 24 కిస్తీలంటే నెలకు సుమారు రూ.2,910 చొప్పున మొత్తం రూ.69,800 పైన కడతారు; ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది దీనికి అదనం. చిట్టీ అయితే వడ్డీ కంటికి కనిపించదు గానీ అది కూడా అప్పే: పాట రూ.25,000కు పోతే మీ చేతికి వచ్చేది రూ.75,000 మించదు, మిగిలిన నెలల వాయిదాలు మాత్రం డివిడెండు పోను కడుతూనే ఉండాలి. పిల్లల ఫీజులాంటి తప్పనిసరి అవసరానికి ఆ నష్టాన్ని భరించవచ్చు, వించ్ కోసం భరించనవసరం లేదు. ఇక బ్యాంకులోని రూ.90,000 మీ ఇంటికి, బండి కిస్తీకి మూడు నెలలకు కూడా చాలవు. కిరాయిలు సన్నగిల్లే వానకాలంలోనే బండి మరమ్మతులు కూడా మీద పడతాయి కనుక ఆ సొమ్మును ముట్టుకోవడానికి నేను ఒప్పుకోను.

మరి రాబోయే వానలకు ఏం చేయాలి? చేత్తో లివరు ఆడిస్తూ వైరు రోప్‌ను లాగే హ్యాండ్ వించ్‌ను 1.6 టన్నుల సామర్థ్యంలో తీసుకోండి. దానికి ఒక కప్పీ, బెల్టు, రెండు షాకిళ్లు కలిపి బడ్జెట్ రూ.18,000 దాటనివ్వకండి. చెట్టుకు కట్టిన కప్పీ గుండా వైరును తిప్పి మళ్లీ బండికే తగిలిస్తే, రాపిడికి పోయేది కొంత పోగా లాగే బలం దాదాపు రెట్టింపై మూడు టన్నులకు చేరుతుంది. సరుకు దింపిన మీ బండి చక్రాల మేర దిగబడితే అది సరిపోతుంది. దీనికీ కదలని ఆధారం కావాల్సిందే గానీ బ్యాటరీతో పని లేదు, బంపర్ కోయనక్కరలేదు, వెనక్కి లాగాల్సి వచ్చినా పనికొస్తుంది. నిదానంగా, చెమటోడ్చి చేయాల్సిన పని అన్నది నిజమే. టైర్ల గుండీలు అరిగిపోయి ఉంటే మాత్రం, ఏ వించ్ కంటే ముందు టైర్లు మార్చండి, దిగబడటమే తగ్గుతుంది.

వచ్చే వానకాలమంతా ఒక చిన్న పుస్తకంలో ఎక్కడ దిగబడింది, ఎంత లోతు, ఆధారానికి చెట్టు ఉందా, ట్రాక్టరుకు ఎంత ఇచ్చారు అని రాసి పెట్టుకోండి. దానితో పాటు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కిరాయిలు బాగా నడిచే నెలల్లో రూ.8,000 చొప్పున, మిగతా నెలల్లో వీలైనంత, విడిగా ఒక ఖాతాలో వేయండి. చెట్లున్న చోట ఆరేడు సార్లకు పైగా దిగబడిందని, హ్యాండ్ వించ్‌తో గంటలు గంటలు పోయి కిరాయిలు చేజారాయని ఆ పుస్తకం చూపిస్తే, అప్పుడు రొక్కంతో ఎలక్ట్రిక్ వించ్ కొనండి.

అప్పుడు చూడాల్సింది మొదట సామర్థ్యం. బండి, సరుకు కలిసిన మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగేది కావాలి. మీ బండికి ఆ బరువు 2,700 కిలోలనుకుంటే 4,050 కిలోలు అవసరం. మార్కెట్‌లో 9,500 పౌండ్లని రాసి ఉండేది, అంటే సుమారు 4,300 కిలోలది, సరిపోతుంది. ఆ అంకె డ్రమ్ము మీద వైరు ఒక్క వరుస మాత్రమే ఉన్నప్పటి బలం. వరుసలు పెరిగేకొద్దీ బలం తగ్గి, పై వరుసకు వచ్చేసరికి మూడింట రెండు వంతులకు పడిపోతుంది. బురద మడ్‌గార్డుల దాకా వస్తే లాగాల్సిన భారం బండి బరువుకు రెట్టింపు అవుతుందని లెక్క. అలాంటప్పుడు ఎంత ఖరీదైన వించ్‌కైనా కప్పీ తోడు కావాల్సిందే. అందుకే వరుసవారీగా బలం చూపే పట్టిక ఇవ్వని వించ్‌ను కొనకండి. రూ.20,000 వాటిని నేను వద్దనడానికి మొదటి కారణం చాలా వాటికి ఈ పట్టికే ఉండకపోవడం. రెండోది మోటారుకు కరెంటు కలిపి, ఆపే సోలనాయిడ్ స్విచ్. పూర్తి బరువు మీద వించ్ 400 ఆంపియర్ల దాకా కరెంటు తీసుకుంటుంది. నాసిరకం స్విచ్‌లో ఆ వేడికి లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే, రిమోట్ బటన్ వదిలినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. బిగిసిన వైరు తెగితే మనిషి ప్రాణం పోతుంది. అందుకే వైరు మీద బరువైన గోనెపట్టా వేయాలి, దరిదాపుల్లో ఎవరినీ నిలబడనివ్వకూడదు.

మోటారు సిరీస్ వౌండ్ రకమై (భారం పెరిగితే ఎక్కువ బలంతో తిప్పేది) ఉండాలి. కార్బన్ బ్రష్‌లు, స్విచ్, రిమోట్ విడిగా దొరుకుతాయని దుకాణం వారితో బిల్లు మీద రాయించుకోండి. స్పేర్లుంటే సెల్ఫ్ మోటార్లు బాగుచేసే మంచి ఎలక్ట్రీషియన్ దీన్నీ బాగుచేయగలడు. సింథటిక్ తాడు తేలిక, తెగినా అంత ఉధృతంగా ఎగిరిపడదు. కానీ ఇసుక, మట్టి దాని పోగుల్లోకి చేరి లోపలి నుంచి కోసేస్తాయి. గోదావరి ఇసుకలో తిరిగే మీకు స్టీలు వైరే తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం వస్తుందని నా అభిప్రాయం.

వించ్ ఉందన్న ధైర్యంతో పొంగుతున్న వాగులోకి మాత్రం బండిని దింపకండి. 2023 జులైలో మీ జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అలాంటి ప్రవాహం ముందు ఏ యంత్రమూ నిలవదు.

బిగింపు విషయంలో తొందరపడకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన దానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ముందు భాగంలో బిగించే క్రాష్ గార్డులపై (బంపర్‌కు అదనంగా పెట్టే ఇనుప చట్రాలు) చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది కూడా. మీది సరుకు రవాణా బండి కనుక ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాల్సి ఉంటుంది. బంపర్ కోసి పెద్ద ఇనుప గార్డు పెట్టే పద్ధతి వద్దు. ఛాసిస్‌కు బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగే ప్లేటు అడగండి, అదీ ఆర్‌టీఓ కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకున్నాకే. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. విద్యుత్ పరికరాల అదనపు రక్షణకు సాధారణంగా వాటి విలువలో 4 శాతం ప్రీమియం తీసుకుంటారు, బిగింపు పోను వించ్ విలువ రూ.45,000 అనుకుంటే అది రూ.1,800. చెప్పకుండా బిగిస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు మొత్తం క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు కాబట్టి, పాలసీ పత్రంలో వించ్ పేరు, విలువ నమోదయ్యాకే బండిని కిరాయికి తీయండి.