ఫ్లాట్ కొనబోతున్న మేనకోడలికి

చిన్నారీ,

నువ్వూ ఆ అబ్బాయీ కలిసి ఫ్లాట్ కొంటున్నారనీ, పెళ్లి ఊసు ఎత్తవద్దన్నావనీ మీ నాన్న ఫోను చేసి ఏడ్చినంత పని చేశాడు. నాకు నీ ధైర్యం చూసి ముచ్చటేసింది. నిద్ర మాత్రం పట్టలేదు.

పెళ్లి చేసుకోమని రాయడం లేదు. యుక్తవయసు వచ్చిన ఇద్దరు కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. భార్యాభర్తల్లా కాపురం చేస్తుంటే 2005 గృహహింస చట్టం నీకూ వర్తిస్తుంది, అతనికి ఇదివరకే పెళ్లయి ఉండకపోతే. కనుక్కున్నావా? కోప్పడకు, అడగవలసింది అడిగాను.

నా భయం అతను మోసం చేస్తాడని కాదు. మంచివాడే హఠాత్తుగా పోతే?

నీ చిన్నప్పుడు మా ఇంట్లో నీకు చదరంగం నేర్పిన ఆంటీ గుర్తుందా? బ్యాంకులో నా పక్క సీటు ఆవిడది. ఒక లెక్చరరుతో ఏళ్ల తరబడి కలిసి ఉంది. ఇల్లు అతని పేరిట, వాయిదాలు ఇద్దరి జీతాల్లోంచి. గుండెపోటుతో అతను పోయాడు. పెద్దకర్మ కాకముందే తల్లిని వెంటబెట్టుకుని తమ్ముళ్లు వచ్చి తాళం మార్చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టంలో తల్లి మొదటి తరగతి వారసురాలు. పెళ్లి కాకుండా కలిసి బతికిన మనిషికి ఆ జాబితాలో చోటే లేదు. బీమాకు నామినీగా ఈవిడ పేరే ఉంది. సొమ్ము చేతికి రాగానే, నామినీ అంటే వారసుల తరఫున పుచ్చుకునే మనిషి మాత్రమేనని వాళ్ల నోటీసు వచ్చింది. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వాళ్లదేనని 2015లో చట్టం మారింది. ఆ వెసులుబాటు నీకు నేటికీ లేదు. ఇన్నేళ్ల కాపురాన్ని చూపి భార్యనేనని వాదించవచ్చన్నాడు వకీలు. “పెళ్లి వద్దనుకున్నది నేనే. ఇప్పుడు ఏ మొహంతో చెప్పను?” అంది. ఆ మొండితనం నీలోనూ చూశాను, అందుకే ఇంత రాస్తున్నాను.

దస్తావేజులో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించు. డబ్బు నువ్విచ్చి అతని పేరిట కొన్నావంటే, రేపు నాదని అడగడానికి బినామీ చట్టం అడ్డొస్తుంది. భార్యాభర్తలకున్న మినహాయింపు మీకు లేదు. అతనికి ఏడాదిలో యాభై వేలు దాటి ఊరికే ఇస్తే ఆదాయపు పన్ను అతనికి పడుతుంది. లెక్కలు రాసిపెట్టు, ప్రేమకు అవమానమేమీ కాదు.

ఇద్దరి పేర్లూ ఉన్నా అతని వాటా వాళ్ల అమ్మకే పోతుంది. కనుక ఇద్దరూ వీలునామాలు రాయాలి, గృహప్రవేశానికి ముందే. ఇద్దరు సాక్షులు చాలు, మీకంటే చిన్నవాళ్లయితే మేలు. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, అయినా చేయించు.

మీ నాన్న సంగతి నాకు వదిలెయ్. దస్తావేజు ముసాయిదా పంపు, చదువుతాను. ఈసారి అతన్ని కూడా తీసుకురా. కారం తింటాడో లేదో ముందే చెప్పు.

మీ అత్త