వంటింటి ప్రశ్నలు: షెపర్డ్స్ పై ఎందుకు కుంగిపోతోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే వంట గురించి. కింద ఖీమా, పైన మెదిపిన బంగాళాదుంప పెట్టి ఓవెన్‌లో ఎర్రగా కాల్చే ఇంగ్లీషు వాళ్ళ షెపర్డ్స్ పై అది. అడిగినవాళ్ళంతా బెంగళూరు వాళ్ళే కాబట్టి కొలతలూ సమయాలూ ఈ ఊరి వంటింటికి తగ్గట్టే ఇస్తున్నాం.

ప్రశ్న: రెండుసార్లు చేశాను. రెండుసార్లూ ఓవెన్‌లో పెట్టిన పావుగంటకే దుంప మొత్తం ఖీమాలోకి దిగిపోయింది. గరిటె పెట్టి తీస్తే కిచిడీలా వచ్చింది. దుంప తక్కువైందా? (మారతహళ్ళి నుంచి ఒక పాఠకురాలు)

దుంప తక్కువ కాలేదండీ, నీళ్ళు ఎక్కువయ్యాయి. ఈ వంటలో పిండిముద్ద లేదు, ఖీమాను గట్టిపరిచే గుడ్డూ లేదు. పై పొర నిలబడాలంటే కింది గ్రేవీ చిక్కగా ఉండాలి, దుంప పొడిపొడిగా ఉడకాలి. నీళ్ళు మూడుచోట్ల నుంచి చేరతాయి: మాంసం, గ్రేవీ, దుంప.

మాంసంతో మొదలుపెడదాం. మన ఇళ్ళలో ఖీమా తెచ్చి కడుగుతాం. సన్నగా తరిగిన మాంసం స్పాంజిలా నీళ్ళు పట్టేస్తుంది, ఎంత పిండినా పూర్తిగా పోవు. అందుకే షాపులోనే ముక్కగా ఉన్నప్పుడు కడిగించి, తుడిపించి, ఆ తర్వాత మెషీన్‌లో వేయించండి. ఒక్కసారి తిప్పితే చాలు, రెండోసారి తిప్పితే ఉడికాక ముద్దవుతుంది. కొవ్వంతా తీసేయమనకండి. అరకిలోలో 60 నుంచి 75 గ్రాముల కొవ్వు ఉంటేనే ఖీమా పొడిబారకుండా ఉంటుంది.

నలుగురికి అరకిలో ఖీమా తీసుకోండి. వెడల్పాటి మందపాటి మూకుడులో టేబుల్ స్పూన్ నూనె బాగా కాగనిచ్చి, ఖీమాను రెండు వాయిలుగా వేయించాలి. ఒకేసారి అంతా కుమ్మరిస్తే మూకుడు చల్లబడి, మాంసంలోంచి నీళ్ళు ఊరి, వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. రంగు బూడిదలా ఉండిపోతుంది, రుచీ పలచబడుతుంది. వేసి పరిచాక రెండు నిమిషాలు కదపకండి. ఇక్కడ చెవి ఒగ్గి వినాలి: నీళ్ళు ఉన్నంతసేపు కుతకుతమనే చప్పుడు వస్తుంది, అవి ఇంకిపోగానే చిటపటలోకి మారుతుంది. ఆ చిటపట మొదలయ్యాక కూడా ఇంకో రెండు మూడు నిమిషాలు వేగనిస్తేనే అడుగున ముదురు గోధుమరంగు పట్టు పడుతుంది. గ్రేవీకి రంగూ రుచీ ఇచ్చేది అదే.

ఖీమా తీసి పక్కన పెట్టి, అదే కొవ్వులో సన్నగా తరిగిన ఉల్లిపాయలు 2, క్యారెట్ 1, దొరికితే సెలరీ కాడ 1 వేసి పది నిమిషాలు మగ్గించండి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేయండి. టమాటా పేస్టు ఒక టేబుల్ స్పూన్ వేసి, ఇటుకరంగు వచ్చేదాకా రెండు నిమిషాలు వేపండి. తర్వాత ఒకటిన్నర టేబుల్ స్పూన్ల మైదా చల్లి పచ్చివాసన పోనివ్వండి. ఖీమా మళ్ళీ వేసి, 350 మిల్లీలీటర్ల ఎముకల రసం, టేబుల్ స్పూన్ వూస్టర్ సాస్ (అదేమిటో, దొరక్కపోతే ఏం వేయాలో కింద చెప్పాం), బిరియానీ ఆకు 1, ఎండు థైమ్ అర టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, ముప్పావు టీస్పూన్ ఉప్పు కలపండి. మూతపెట్టి సన్నటి సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. చివరి పది నిమిషాలు మూత తీసేయండి. బఠాణీ కావాలంటే అప్పుడే ఓ గుప్పెడు వేయండి.

దగ్గరపడిందో లేదో చూడటానికి గరిటెతో మూకుడు అడుగున ఒక గీత గీయండి. గ్రేవీ వెంటనే వచ్చి కప్పేస్తే ఇంకా కావాలి. మూడు నాలుగు సెకన్లు గీత అలాగే ఉంటే దించేయండి. లీటరున్నర పట్టే, 5 సెంటీమీటర్ల లోతున్న గిన్నెలోకి తీసి అరగంట చల్లారనివ్వండి. ఎక్కువమంది వదిలేసేది ఈ అరగంటనే. వేడి ఖీమా మీద వేడి దుంప పెడితే రెండూ మెత్తగానే ఉండి ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయి. చల్లారిన గ్రేవీలో మైదా, కొవ్వు గట్టిపడి దుంపకు ఆధారం దొరుకుతుంది.

ఇక దుంప. 900 గ్రాములు చెక్కుతీసి 4 సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఉప్పు వేసిన చన్నీళ్ళలో పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే లోపల ఉడికేలోపు పైన చిట్లి నీళ్ళు పీల్చుకుంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉండటంతో ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాబట్టి మరగడం మొదలయ్యాక 15 నిమిషాలని రాసి ఉన్న చోట 18 నుంచి 20 వేసుకోండి. కత్తి గుచ్చితే ముక్క దానంతట అదే జారిపడాలి. నీళ్ళు వంచేసి, అదే గిన్నెను సన్నటి సెగ మీద రెండు మూడు నిమిషాలు ఉంచి కుదుపుతూ ఉండండి. ఆవిరి తగ్గి, ముక్కల అంచులు పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తే తడి పోయినట్టే.

వేడి మీదే మెదిపి, ముందు 50 గ్రాముల వెన్న, తర్వాత 60 నుంచి 75 మిల్లీలీటర్ల వేడి పాలు, చివర ఒక గుడ్డు పచ్చసొన కలపండి. పాలు చల్లగా పోస్తే వెన్న గడ్డకట్టి దుంపలో కలవదు. మనకు దొరికే వెన్న చాలావరకు ఉప్పుది, కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. గరిటెతో తీసి వంచితే ముద్ద జారకూడదు. జారితే పాలు ఎక్కువయ్యాయి.

పరిచేటప్పుడు మధ్యలో కుమ్మరించి చుట్టూ నెట్టకండి. అలా నెడితే గ్రేవీ అంచుల దాకా తోసుకొచ్చి పైకి పొంగుతుంది. ముందు గిన్నె అంచు చుట్టూ చెంచాతో ముద్దలు పెట్టి గోడకు అతికించండి, ఆ తర్వాత మధ్యలో నింపండి. ఫోర్కుతో లోతుగా గీతలు గీస్తే ఆ గట్లే ముందుగా ఎర్రబడి కరకరలాడతాయి. 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు. కింద ఒక ట్రే పెట్టుకోండి, అంచులో ఎక్కడైనా కారినా ఓవెన్ పాడవదు. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి వడ్డించండి.

ప్రశ్న: కుక్కర్లో దుంపలు ఉడికించి మిక్సీలో వేశాను. జిగురులా సాగింది. పాలు పోస్తే ఇంకా సాగింది. (యలహంక)

మిక్సీ బ్లేడు దుంప కణాలను చీల్చేస్తుంది, లోపలి గంజి బయటికొచ్చి జిగురవుతుంది. ఆ తర్వాత దాన్ని బాగుచేసే దారి లేదు. బ్రెడ్ పొడి కలిపి కట్లెట్లు చేసుకోండి. పప్పుగుత్తి చాలు, దానితో కూడా తిప్పి తిప్పి కలపకుండా పైనుంచి కిందికి నొక్కాలి. ఇంకా నున్నగా కావాలంటే పెద్ద కన్నాల జల్లెడలో గరిటెతో నొక్కి దించండి. కుక్కర్ వాడాల్సి వస్తే దుంపలు నీళ్ళలో మునగకూడదు. అడుగున గ్లాసుడు నీళ్ళు పోసి, చిల్లుల గిన్నెలో తొక్కతోనే పెట్టి ఆవిరి మీద ఉడకనివ్వండి.

ప్రశ్న: మార్కెట్లో ఏ దుంప అడగాలి? (జయనగర్)

ఇంగ్లండులో దీనికి మారిస్ పైపర్, కింగ్ ఎడ్వర్డ్ అనే పిండిదుంపలు వాడతారు. ఇక్కడ రకం పేరు చెప్పి అమ్మేవాళ్ళు అరుదు. కాబట్టి చేత్తో పట్టి చూసుకోవాలి. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడివస్తే అది కొత్త దుంప. నీరెక్కువ, మెదిపితే బంకగా ఉంటుంది, కూరకు బాగుంటుంది. తొక్క కాస్త దళసరిగా, ఊడకుండా, దుంప గట్టిగా ఉంటే పాతది, మీకు కావలసింది అదే. అనుమానం తీరాలంటే 11 కప్పుల నీళ్ళలో 1 కప్పు ఉప్పు కరిగించి దుంపను వేసి చూడండి. గంజి ఎక్కువున్న దుంప బరువుగా ఉండి మునుగుతుంది, నీరెక్కువున్నది తేలుతుంది.

ఆకుపచ్చబారినవి వద్దు. ఫ్రిజ్‌లో పెట్టినవీ వద్దు: చలికి గంజి చక్కెరగా మారి, దుంప తియ్యబడి, ఓవెన్‌లో మచ్చలుమచ్చలుగా నల్లబడుతుంది.

ప్రశ్న: ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) ముప్పావుగంట పెట్టినా పైన తెల్లగానే ఉంది. కింద మాత్రం మాడింది. (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

చిన్న ఓటీజీల్లో కింది కడ్డీ గిన్నెకు మరీ దగ్గరగా ఉంటుంది. మొదటి 15 నిమిషాలు రెండు కడ్డీలూ వెలిగించి మధ్య అరలో పెట్టండి, తర్వాత పై కడ్డీ ఒక్కటే ఉంచి గిన్నెను ఒక అర పైకి జరపండి. వేడెక్కడానికి కనీసం 15 నిమిషాలు ఇవ్వాలి, లైటు ఆరగానే సిద్ధమైందని అనుకోవద్దు. పచ్చసొన వేయకపోయినా, పైన వెన్న రాయకపోయినా రంగు ఆలస్యంగా వస్తుంది. 50 గ్రాముల చెడ్డార్ చీజ్ తురిమి చల్లితే తొందరగా వస్తుంది.

ప్రశ్న: ఓవెన్ లేదు. చేసుకోవచ్చా? (కె.ఆర్. పురం)

చేసుకోవచ్చు. ఖీమా, దుంప రెండూ ముందే ఉడికినవి కాబట్టి ఓవెన్ చేసే పని వేడెక్కించడం, ఎర్రగా చేయడం మాత్రమే. మందపాటి లోతు పాన్‌లో ఖీమా పరిచి దుంప సర్ది, పెనం మీద పెట్టి సన్నటి సెగన పదిహేను నిమిషాలు ఉంచండి. మూత పెట్టొద్దు, మూతకు పట్టిన ఆవిరి చుక్కలై దుంప మీదే పడుతుంది. పైభాగం ఎర్రబడదు. అందుకని రెండు గుప్పిళ్ళ బ్రెడ్ పొడిని వెన్నలో ముదురురంగు వచ్చేదాకా విడిగా వేయించి, వడ్డించే ముందు చల్లుకోండి.

ప్రశ్న: గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తే తప్పా? మావాళ్ళకు చప్పగా అనిపించింది. (బెళ్ళందూరు)

తప్పేమీ లేదు, కానీ అప్పుడది ఆలూ ఖీమా అవుతుంది. అదీ మంచి వంటే, పేరు వేరు. ఇందులో రుచి రావలసింది మాంసం వేగిన పట్టు నుంచి, మిరియాల నుంచి, వూస్టర్ సాస్ నుంచి. చప్పగా వచ్చిందంటే ఖీమా సరిగ్గా వేగలేదనో, ఎముకల రసం బదులు నీళ్ళు పోశారనో మా అనుమానం. ముందు అవి సరిచేసి చూడండి. అప్పటికీ కారం కావాలనిపిస్తే మిరియాలు రెట్టింపు చేయండి.

వూస్టర్ సాస్ మనకు అంత పరాయిదేమీ కాదు. ఇంగ్లండులోని వూస్టర్ పట్టణంలో లీ అండ్ పెర్రిన్స్ వాళ్ళు 1837 నుంచి అమ్ముతున్న ఆ సాస్‌లో ఉప్పుచేపలతో పాటు చింతపండు కూడా ఉంటుంది. సీసా దొరక్కపోతే సోయా సాస్ రెండు టీస్పూన్లు, చిక్కటి చింతపండు రసం ఒక టీస్పూన్, అర టీస్పూన్ బెల్లం, నాలుగు చుక్కల వెనిగర్ కలిపి వేయండి. సోయాలో ఉప్పుంటుంది, ఆ మేరకు తగ్గించుకోండి.

ప్రశ్న: షెపర్డ్స్ పై, కాటేజ్ పై ఒకటేనా? మేక మాంసంతో చేస్తే ఏమనాలి? (ఫ్రేజర్ టౌన్)

కాటేజ్ పై అనే మాట పాతది, 1791లోనే కనిపిస్తుంది. షెపర్డ్స్ పై అనేది 19వ శతాబ్దం మధ్యలో వచ్చింది. మొదట్లో రెండు పేర్లనూ ఏ మాంసానికైనా వాడారు, ఆదివారం కాల్చిన మాంసం మిగిలితే తరిగి ఇలా చేసుకునేవాళ్ళు. ఇప్పుడు గొర్రె మాంసమైతే షెపర్డ్స్, గొడ్డు మాంసమైతే కాటేజ్. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి కదా. మేకనూ షెపర్డ్స్ కిందే వేసుకోండి. మీ పేటల్లోని ఆంగ్లో ఇండియన్ ఇళ్ళలో చేసే పొటాటో చాప్స్ కూడా ఈ రెండు సరుకులతోనే: అక్కడ ఖీమా దుంప లోపల ఉంటుంది.

మేక మాంసంలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. ముదురు మాంసమైతే 45 నిమిషాలు చాలవు. కుక్కర్లో మూడు కూతలు రానివ్వండి. అయితే మైదా ముందే వేసి మూత పెట్టకండి, అడుగంటుతుంది. కుక్కర్ తీశాక మైదా, మెత్తటి వెన్న సమంగా కలిపిన ముద్దను కొంచెం కొంచెంగా వేస్తూ మరిగించి దగ్గరపడనివ్వండి.

ప్రశ్న: మాంసం తినని అత్తగారికి విడిగా ఏం చేయను? (మల్లేశ్వరం)

పొట్టు తీయని ఎర్ర కందిపప్పు, అదే గుండు మసూర్, 200 గ్రాములు నానబెట్టి, గింజ చితకకుండా ఉడికించండి. 200 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి నీరంతా ఇంకేదాకా వేయించి కలపండి. ఖీమాకు బదులు ఇదే, ఎముకల రసానికి బదులు నీళ్ళే. ఆవిడ పుట్టగొడుగులు తినకపోతే పప్పు 250 గ్రాములు చేయండి. వూస్టర్ సాస్ సీసా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి వేయండి, దుంపలో పచ్చసొన మానేసి టేబుల్ స్పూన్ వెన్న పెంచండి.

ప్రశ్న: శుక్రవారం రాత్రి చేసిపెట్టి శనివారం అతిథులకు పెట్టొచ్చా? (వైట్‌ఫీల్డ్)

పెట్టొచ్చు, ఇంకా బాగుంటుంది. చల్లారిన ఖీమా మీద దుంప సర్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, 24 గంటలు దాటనివ్వకండి. వండాక రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. మర్నాడు 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మధ్యలో కత్తి గుచ్చి పది సెకన్లు ఉంచి తీస్తే చేతికి చురుక్కుమనాలి. గాజు గిన్నె అయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. గంట ముందు బయట పెట్టుకోండి, లేదా స్టీలు గిన్నెలో చేసుకోండి.